రెండు తోకల మాట

రావల్కోల్,
9-2-2026.

శామీర్‌పేటలో ఉండే గౌరయ్యకు వజ్రమ్మ చెప్పి రాయించేది.

నిన్ను తమ్ముడా అని పిలవలేదని చూసే ఉంటావు. నీ బిడ్డ అశ్రిత పెళ్లికి నువ్వు నా గడప తొక్కి బొట్టు పెట్టి పిలవలేదు. ఫోన్లో కార్డు పంపావు. సొంత అక్కకు, అదీ చదువు రాని దానికి, ఫోన్లో కార్డు. ఇక నీతో నోటితో మాట్లాడనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరానికి ఒట్టు లేదు. కుర్మయ్య కూరగాయల ఆటో శామీర్‌పేటకు పోతుంది కాబట్టి నా మాటలు సొరకాయల మధ్య కూర్చుని నీ దగ్గరికి వస్తాయి.

రాసేది నా కోడలు రక్షిత. దానిది బళ్లో నేర్చిన తెలుగు. నేను "గట్లనా" అంటే అది "అలాగా" అని రాస్తుంది. నా తిట్టు ఎక్కడైనా మెత్తగా తగిలితే అది దాని పని, నా దయ కాదు. ఇందాక రాయి సంగతి మొదలుపెట్టి "రాయి" అన్నాను. "ఏం రాయాలె అత్తమ్మా?" అంది. ఇలాంటి దానితో నా వ్యవహారం.

అసలు సంగతికి వస్తాను. నన్ను నీ కారులో ఆసుపత్రికి తీసుకుపోయావు. దారి పొడుగునా నీ మెడ చూస్తూ కూర్చున్నాను కానీ పలకలేదు. నా కార్జంలో రాయి ఉందని నువ్వూ, నా కొడుకు దేవేందరూ చెప్పారు. సరే అన్నాను. రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టాం, కడుపులో ఒకటి ఉండిపోతే వింతేముంది?

ఆ డాక్టరు కోత లేదన్నాడు. పొట్ట మీద నీళ్ల సంచి పెట్టి బయటి నుంచి దెబ్బలు పంపుతారట. షాకు అన్నాడు కానీ కరెంటు కాదన్నాడు, చప్పుడులో ఉండే దెబ్బ అన్నాడు. నాలుగు దిక్కుల నుంచీ పోయి లోపల ఒక్క చోట కలుస్తాయి, కలిసిన చోటే నలుగుతుంది, దారిలో తోలు కూడా కందదు అన్నాడు. మన నాయిన పెద్ద బండను అలాగే కదా కొట్టేది? చుట్టూ తిరిగి సమ్మెటతో తట్టి, చెవి ఆనించి విని, మళ్లీ తట్టేవాడు. పైన గీత పడకముందే లోపల విచ్చేది. మత్తు ఇచ్చారు, పడుకున్నాను, లేచాను. పొట్ట మీద గాటు లేదు.

మరి నా రాయి ఏది? నీ కిడ్నీలో రాయిని ఇలాగే పగలగొట్టినప్పుడు ఆ ముక్కలు సీసాలో పోసి అద్దాల బీరువాలో పెట్టుకున్నావు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ, నీళ్లకంటే ముందు ఆ సీసా చూపిస్తావు. నాది నాకు కావాలి. నర్సును అడిగితే నవ్వింది. కొడుకును అడిగితే "మామనడుగు" అంటాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

వజ్రమ్మ, వేలిముద్ర.


శామీర్‌పేట,
12-2-2026.

అక్కకు దండాలు పెట్టి తమ్ముడు గౌరయ్య రాయునది.

పెళ్లి సంగతిలో తప్పు నాదే అని మనుషులను పంపాను, నేనే వచ్చి నీ వాకిట్లో నిలబడ్డాను. నువ్వు నా ముఖం చూడకుండా బర్రెతో మాట్లాడావు. ఇంకా ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. పై అంతస్తు లా కాలేజీ పిల్లలకు అద్దెకు ఇచ్చాను. పొద్దస్తమానం వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు. నువ్వు వింటే నీకు సరిజోడు దొరికారని సంతోషిస్తావు.

నీ రాయి ముక్కలు కుర్మయ్యతో పంపుతున్నాను. డాక్టరు గారు ఇచ్చినవే. మందు సీసా కడిగి అందులో పోశాను. పైన చీటీ మీద "అక్క రాయి" అని నేనే రాసి అంటించాను. ఇప్పుడు మనసు కుదుటపడింది కదా. ఉగాదిలోపు ఇంకోసారి ఆసుపత్రికి పోవాలి. కారు నేను తెస్తాను. నువ్వు మాట్లాడకపోయినా సరే.

నీ తమ్ముడు
గౌరయ్య


రావల్కోల్,
16-2-2026.

గౌరయ్యకు,

సీసా అందింది. వాడకట్టులో చూడని వాళ్లు లేరు. పక్కింటి పద్మమ్మ ఒక ముక్క తీసి కళ్లకు అద్దుకుంది, ఏ గుట్ట మీద ప్రసాదం అనుకుందో. "గింత రాయి కడుపుల వెట్టుకొని గంత నోరెట్ల జేసినవ్ వజ్రక్కా?" అని అడిగింది. నోరు వేరే, కడుపు వేరే అన్నాను.

చీటీ మీది అక్షరాలు రక్షిత వేలు పెట్టి చూపించింది. ముందుది అక్క, వెనకది రాయి. బాగానే రాశావు. చెయ్యి ఇంకా పోలేదు.

ఇక రెండోసారి ఆసుపత్రి మాట. రాయి బయటికి వచ్చింది. నా గూట్లో దీపం పక్కన ఉంది. లోపల లేని దాని కోసం నన్ను మళ్లీ పండబెట్టడం ఎందుకు? మీ ఇంట్లో పని చేసిపోయిన మేస్త్రీని ఊరికే మళ్లీ పిలుస్తావా? నేను రాను.

రక్షిత ఇక్కడ పెన్ను ఆపి నా ముఖం చూస్తోంది. దానికేదో తెలుసు. కూర పాడుచేసిన రోజు కూడా ఇలాగే చూస్తుంది.

వజ్రమ్మ, వేలిముద్ర.


శామీర్‌పేట,
19-2-2026.

అక్కకు,

నీ ఉత్తరం చూసి అన్నం తినలేదు. రాయి మొత్తం రాలేదు అక్కా. పెద్దది నలిగింది. చిన్నవి రెండు పక్కనే మిగిలాయని డాక్టరు గారు ఫోటోలో చూపించారు. ఆ మిషనుతోనే వాటినీ నలిపేస్తారు. కోత లేదు, కుట్టు లేదు, నీకు తెలుసు కదా. ఆలస్యం చేస్తే పెరుగుతాయి.

నీకు దండం పెడతాను. రాయి విషయంలో మొండితనం వద్దు. దేవేందర్ డ్యూటీకి సెలవు పెట్టుకుంటానన్నాడు.

గౌరయ్య


రావల్కోల్,
23-2-2026.

గౌరయ్యా, కూర్చుని చదువు.

నీ సీసా వచ్చిన రోజే ఒక ముక్క నోట్లో వేసుకుని కొరికాను. పన్ను కదిలింది, ముక్క కదలలేదు. వాకిట్లో బండ మీద పెట్టి సమ్మెటతో కొట్టాను. నిప్పు రాలింది. మనిషి కడుపులో నిప్పు రాలే రాయి పుడుతుందా? నీ కిడ్నీ ముక్కలు నాకు తెలియవా, బెల్లం పలుకుల్లా ఉంటాయి, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. ఇది నల్లమచ్చల బూడిదరంగు బండ. అంచులు కొత్తగా తెగి ఉన్నాయి. మేడ్చల్ దారిలో టిప్పర్ల మీంచి రాలే కంకర. కనీసం కడిగి పంపలేదు, క్రషర్ దుమ్ము సీసా అడుగున పేరుకుని ఉంది. రాళ్లు కొట్టినవాడి కొడుకువై, రాళ్లు కొట్టినవాడి బిడ్డకు కంకర పంపుతావా? ప్లాట్లు అమ్మి అమ్మి నీకు రాయి మరపుకు వచ్చింది. అబద్ధం కూడా నున్నగా చెక్కలేకపోయావు.

తెలిసి కూడా వాడకట్టంతా ఎందుకు చూపించానంటావా? నువ్వు ఇంకెంత దూరం పోతావో చూద్దామని. చూశాను. ఒక అబద్ధం నిలబెట్టడానికి ఇంకో రెండు చిన్న రాళ్లు పుట్టించావు.

ఆ నర్సు నవ్వి ఊరుకోలేదు. "నలిగింది బయటికి రాదవ్వా, బురదలా అయిపోయి ఒంట్లోనే కరుగుతుంది" అంది. రాయి కరుగుతుందా గౌరయ్యా? ఎక్కడైనా చూశావా?

ఇప్పుడు నా మాట విను. నా కడుపు, నా కార్జం. అందులో ఏముందో మీ అందరికీ తెలుసు. నీకు, నా కొడుక్కు, నా ముందు తల వంచుకుని రాస్తున్న దీనికి. నాకు తెలియదు. నన్ను అడగకుండా నా మీద మిషను పెట్టించారు. దాని పేరు నువ్వు నీ చేత్తో రాసి పంపు. రాసిన రోజు నేనే వచ్చి నీ కారులో కూర్చుంటాను. రాయనంత కాలం నీ లెక్క ప్రకారం నా రాయి సీసాలో ఉంది, నాకు రోగం లేదు, నేను రాను.

వజ్రమ్మ, వేలిముద్ర.


శామీర్‌పేట,
2-3-2026.

అక్కకు,

నువ్వు అడిగింది రాయమని ఎవరైనా అడగవచ్చు. నువ్వు అడగకూడదు.

అమ్మను పట్నం ఆసుపత్రిలో చేర్చినప్పుడు నాకు ఎన్నేళ్లు? డాక్టర్లు మాట్లాడుకుంటుంటే విన్న మాట, అర్థం తెలియక, అమ్మ దగ్గరికి పరుగెత్తి చెప్పాను. కొత్త మాట నేర్చుకున్నానని సంబరంగా చెప్పాను. అమ్మ గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత గంజి ముట్టలేదు, మాట్లాడలేదు, వారం తిరక్కుండా పోయింది. నువ్వు నన్ను ఆసుపత్రి మెట్ల మీద నోటి మీద కొట్టావు. ముందరి పన్ను ఊడింది. "గా మాట నోట్లకెళ్లి మల్ల ఎల్లిందంటే నాలిక గోస్త. నువ్వే సంపినవ్ అమ్మను" అన్నావు. మన వాళ్లందరూ విన్నారు.

ఆ మాట నేను మళ్లీ అనలేదు. ఎవరి ఇంట్లో ఆ రోగం వచ్చినా నేను పరామర్శకు పోను. దావత్‌లో ఎవరైనా అంటే లేచి బయటికి పోతాను. ఇప్పుడు నీకే రాసి పంపమంటావు. నువ్వు కూడా గోడ వైపు తిరిగితే?

నన్ను వదిలేయి అక్కా. రా, చాలు.

గౌరయ్య


రావల్కోల్,
5-3-2026.

గౌరయ్యకు,

పన్ను నాకు గుర్తుంది. కొట్టినందుకు చింత లేదు. ఆ రోజు ఎవరినో ఒకరిని కొట్టాలి, నువ్వు చేతికి అందావు. అమ్మ మాటతో చావలేదు, రోగంతో చచ్చింది. ఇంత వయసు వచ్చాక కూడా ఆ తేడా తెలియని వాడివి, ఆ పన్ను ఊడీ ఏం లాభం?

ప్లాట్ల బేరంలోకి పోకముందు నువ్వు ఎందరి పేర్లు చెక్కావు? సమాధి బండల మీద, బడి గోడల మీద, గుడి మెట్ల మీద. ఉలి నీది. ఆ గాట్లలో నల్లరంగు నింపే కుంచె నాది. ఏ పేరో, చచ్చినవాడిదో కట్టించినవాడిదో తెలియకుండానే ఒక్క చుక్క బయట పడకుండా నింపేదాన్ని. ఒక్క సున్నా తప్పితే నువ్వు ఆ బండ మొత్తం పారేసేవాడివి. ఇప్పుడు కాగితం మీద ఒక్క మాట రాయడానికి చెయ్యి రావడం లేదా?

నీ ఉత్తరం చదువుతూ రక్షిత ఏడ్చింది. కాగితం తడుపుతావా అని కసిరాను. అమ్మ గోడ వైపు తిరిగిన సంగతి ముందు గొంతులో దిగమింగి, మళ్లీ చదవమంటే చదివింది. మెత్తటి మనుషుల మధ్య పడ్డాను.

రాయి. రాయి అంటే రాయి కాదు, రాయడం. ఇప్పుడైనా అర్థమైందా?

వజ్రమ్మ, వేలిముద్ర.


శామీర్‌పేట,
14-3-2026.

అక్కా,

ఈ ఉత్తరం రాసి చించాను, రాసి చించాను. నీ మరదలు చీపురుతో ఊడ్చి ఊడ్చి విసిగిపోయింది. ఇది పంపుతాను.

నీకు రాయి లేదు. నీకు ఉన్నది క్యాన్సర్.

రాశాను. పెన్ను దిగబడి కాగితం చిరిగింది, చూడు. ఆ దెబ్బలతో నలిపింది గడ్డను. పెద్దది నలిగిపోయింది. ఇది నిజం, డాక్టరు గారు కూడా సంతోషపడ్డారు. చిన్నవి రెండు మిగిలాయి. ఇప్పుడే వస్తే వాటినీ ఆ దెబ్బలతోనే నలుపుతారు. అవి పెరిగి కార్జం నిండా చల్లుకుంటే దెబ్బలు ఎక్కడెక్కడని కొట్టాలి? అప్పుడు ఆ మిషను పనికి రాదని చెప్పారు.

నువ్వు అడిగింది చేశాను. ఎల్లుండి కారు తేమంటావా? కుర్మయ్యతో ఒక్క మాట పంపు. గోడ వైపు తిరగకు.

గౌరయ్య


రావల్కోల్,
17-3-2026.

గౌరయ్యకు,

నీ ఉత్తరం రక్షిత చదివింది. మళ్లీ అదే రాయి. ఇంకో ముక్క రాయి, ఇంకో మూల రాయి. ఒక చోట పెన్ను కాగితాన్నే చీల్చుకుని వెనక్కి పొడిచింది. అంత బలం దేనికి? రాయి అన్న మాటకు అంత ఒత్తాలా?

నా తమ్ముడు ఎలాంటివాడో నాకు తెలిసిపోయింది. నేను రాను. ఇక ఈ సంగతి ఎత్తకు. రాయి, రాయిగానే ఉండనియ్యి.

వజ్రమ్మ, వేలిముద్ర.


శామీర్‌పేట,
22-3-2026.

అక్కకు,

నీ ఉత్తరం ఎన్నో మార్లు చదివాను. నువ్వు అడిగావు కాబట్టి రాశాను. విన్నాక నువ్వే దాన్ని రాయి అంటున్నావు, ఎత్తవద్దు అంటున్నావు. నాకు అర్థమైంది. అమ్మ గోడ వైపు తిరిగింది, నువ్వు రాయి వైపు తిరిగావు. నీ మనసు అలా ఉంటే నేను లాగలేను. దేవేందర్‌కు కూడా అదే చెప్పాను.

సరే, రాయే. నీ ఇష్టం ప్రకారమే కానీ.

ఉగాది పచ్చడి నీకు పంపుదామనుకుంటే కుర్మయ్య రాలేదు.

గౌరయ్య


రావల్కోల్,
3-6-2026.

గౌరయ్యకు అక్క వజ్రమ్మ చెప్పి రాయించేది.

ఇది కూడా రక్షితే రాస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయిస్తున్నాను. ఒక్క మాట మెత్తబడినా కాగితం చించి మళ్లీ మొదలుపెట్టిస్తానని చెప్పాను.

"సరే, రాయే" అన్నావని విని నీ మీద ఉమ్మేశాను. అబద్ధాన్ని ముఖం మీద కొట్టినా మళ్లీ అబద్ధమే ఆడాడు అనుకున్నాను. ఆ తర్వాత కడుపు బరువెక్కింది, అన్నం సయించలేదు. కళ్లు పచ్చబడ్డాయని పద్మమ్మ అంది. పోయేలోపు నీ ఉత్తరాలన్నీ నీకు తిప్పి పంపాలని గూట్లోంచి తీశాను. నీ సీసాతోనే వాటిని కట్టిపెట్టాలనుకున్నాను. చిరిగిన ఉత్తరం పైన వచ్చింది. చిరుగు మీద వేలు పెట్టి రక్షితను పిలిచాను.

"గిది ఏం మాటనే?"

"రాయి, అత్తమ్మా."

సీసా తెచ్చి పక్కన పెట్టాను. చీటీ మీద నీ చేతి రాయి ఉంది కదా. చదవడం రాకపోవచ్చు, ఎన్ని వేల అక్షరాలలో రంగు నింపాను? రాయి కింద ఏమీ వేలాడదు. నేల మీద నున్నగా కూర్చుంటుంది. చిరుగు మీద మాటకు కింద రెండు తోకలున్నాయి. ఒకటి మొదట్లో, ఒకటి నడుమ. చివర నెత్తిన కొమ్ము.

"రాయికి తోకలెప్పుడు మొలిచినయే?" అన్నాను.

అది నా కాళ్లు పట్టుకుంది. "గా మాట ఇంటె మీరు అమ్మమ్మ లెక్క గోడ దిక్కు తిరుగుతరని బుగులైంది అత్తమ్మా. మామయ్య రాసిన్రు గద, వారంల పాణం పోయిందని. అందుకే రాయి అని సదివిన, ఆఖరి ఉత్తరంల గూడ రాయి ముక్కే సదివిన" అంది. నువ్వు రాసిన అమ్మ సంగతే దాన్ని భయపెట్టింది. నా చేత తిట్లు తిని తిని నేను చావకూడదని కోరుకునే పిచ్చిది ఈ ఇంట్లో ఒకటి ఉందని నాకు తెలియదు. తెలిసినందుకు సంతోషం లేదు. దాని జాలి నన్ను చంపింది. ఈ మాట కూడా దాని చేతే రాయిస్తున్నాను. రాస్తోంది.

అప్పుడు మాట పూర్తిగా చదివించుకున్నాను. గోడ వైపు తిరగలేదని నీకు చెప్పాలి. పొద్దున్నే దేవేందర్ వెనక బండి మీద ఎక్కి ఆసుపత్రికి పోయాను. అదే డాక్టరు. ఫోటో తీసి చూశాడు. నా కొడుకుతో మాట్లాడబోతే "నాతోని మాట్లాడు సారూ, కార్జం నాది" అన్నాను. చెప్పాడు. మొదటి దెబ్బలకు నలిగిన చోటు శుభ్రంగా ఉందట, ఏమీ మిగల్లేదట. ఆ మిషను చేయాల్సిన పని చేసిందన్న మాట. మిగిలిన రెండూ ఇప్పుడు లెక్క పెట్టలేనన్ని అయ్యాయి. అన్నిటినీ నలిపితే కార్జమే మిగలదన్నాడు. ఉగాదికి ఎందుకు రాలేదని అడిగాడు. ఏం చెప్పాలి? నా తమ్ముడు నిజం రాశాడు, నా కోడలు రాయి చదివింది, నేను రానన్నాను, నా తమ్ముడు సరే అన్నాడు.

నీది అందరికంటే పెద్ద తప్పు. అదేమిటో చెప్తాను విను. కంకర పంపినందుకు కాదు. నేను రానని రాయిస్తే నీకు లోపల హాయి అయింది. మళ్లీ ఆ మాట ఎత్తే పని తప్పిందని. రావల్కోల్ ఎంత దూరం? అప్పుడు వాకిట్లో నిలబడి తప్పు ఒప్పుకున్నవాడివి, ఇప్పుడు వచ్చి నిలబడి ఆ మాట నోటితో అంటే నా చెవులు వినేవి. నా ఒట్టు నా నోటికే కానీ చెవులకు లేదు.

ఒట్టు తీయడం లేదు. చూడాలనిపిస్తే వచ్చి చూసి పో. నేను పలకను.

ఇక నేను పోయాక చేయాల్సింది. దినాలకు ఫోన్లో కార్డు పంపవద్దు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మనవాళ్ల ప్రతి గడపకూ నువ్వే నడిచిపోవాలి. "అక్కకు ఏం రోగముండె?" అని ప్రతివాడూ అడుగుతాడు. ప్రతి గడపలోనూ ఆ మాట నీ నోటితో అనాలి. నీ వెంట రక్షిత వస్తుంది. నువ్వు మింగితే అది చెప్తుంది, మింగావని కూడా చెప్తుంది.

నా మీద వేసే బండ నేనే చూసి పెట్టాను. నీ కంకర తెగిన రాయి లాంటిదే, నల్లమచ్చలది. ఉలి నువ్వే పట్టు, కూలీలకు ఇవ్వవద్దు. రంగు రక్షిత నింపుతుంది. కుంచె పట్టడం దానికి ఈ నాలుగు రోజులుగా నేర్పుతున్నాను, చుక్కలు ఇంకా గాటు బయట పడుతున్నాయి. నా పేరు కింద ఆ మాట ఉండాలి. లోతుగా ఉండాలి. నాలాగా చదువు రానిది ఆ దారిన పోతే వేలు పెట్టి తడిమి తోకలు పట్టుకోవాలి.

రాయి మీద రాయి.

వజ్రమ్మ, వేలిముద్ర.